ఎంవోయూ ఫొటో కాదు.. అద్దె ఒప్పందంలోనే అసలు రూల్! ఐఐటీ మద్రాస్ నుంచి రాకెట్ ఇంజిన్ ఎలా వచ్చింది? మన కాలేజీలు ఎక్కడ ఆగిపోతున్నాయి?

2024 మే 30. ఉదయం 7.15 గంటలు. తిరుపతి జిల్లా శ్రీహరికోట తీరం.

ఎత్తు 6.2 మీటర్లు. అంటే మన రెండంతస్తుల ఇల్లంత. ఇస్రో పెద్ద రాకెట్ల పక్కన నిలబెడితే బొమ్మలా కనిపిస్తుంది. అంతకుముందు నాలుగుసార్లు ఈ ప్రయోగం ఆగిపోయింది. రెండు రోజుల ముందు, మే 28న అయితే మరికొన్ని సెకన్లలో లేస్తుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. ఐదోసారి మాత్రం ఆగలేదు. నిప్పులు కక్కుతూ పైకి లేచింది.

దాని పేరు అగ్నిబాణ్ సార్టెడ్. తయారు చేసింది చెన్నైకి చెందిన అగ్నికుల్ కాస్మోస్ అనే స్టార్టప్. ఆ రోజు వార్తల్లో అందరూ చెప్పిన మాట ఒకటే.. ఒకే ముక్కగా 3డీ ప్రింట్ చేసిన రాకెట్ ఇంజిన్‌తో ప్రపంచంలోనే తొలిసారి ఎగిరిన రాకెట్ ఇది అని.

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. కానీ వీడియోలో కనిపించని కథ ఇంకోటి ఉంది. ఆ ఇంజిన్ పుట్టింది ఏ కార్పొరేట్ ఫ్యాక్టరీలోనో కాదు. ఓ యూనివర్సిటీ నీడలో! ఓ ప్రొఫెసర్, ఓ ల్యాబ్, పక్కనే ఓ భవనం.. ఈ మూడూ కలిస్తే వచ్చింది.

మరి మన దగ్గర కూడా వందల ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి కదా? ప్రతి వారం ఏదో ఒక కంపెనీతో ఎంవోయూ కుదిరిందని ఫొటోలు వస్తూనే ఉంటాయి కదా? మరి అక్కడి నుంచి ఇంజిన్లు ఎందుకు రావట్లేదు? తేడా ఎక్కడుంది? వివరంగా చూద్దాం.

ముందు ఆ ఇంజిన్ సంగతి

రాకెట్ ఇంజిన్ అంటే మామూలు విషయం కాదు. లోపల వేల డిగ్రీల వేడి. ఆ వేడికి ఇంజిన్ గోడ కరిగిపోకూడదు. అందుకే గోడ లోపలే సన్నటి దారులు పెడతారు. ఇంధనం ముందు ఆ దారుల్లో తిరిగి, గోడను చల్లబరిచి, తర్వాతే మండే చోటుకు వెళ్తుంది.

పాత పద్ధతిలో ఈ భాగాలన్నీ విడివిడిగా చేస్తారు. తర్వాత వెల్డింగ్, బ్రేజింగ్‌తో అతుకుతారు. ప్రతి అతుకూ ఒక భయమే. ఎక్కడ చిన్న పగులు వచ్చినా ఇంజిన్ పేలిపోతుంది. పైగా ఇదంతా వారాల తరబడి జరిగే పని.

3డీ ప్రింటింగ్‌లో అలా కాదు. నికెల్ మిశ్రమలోహం పొడిని పలుచటి పొరగా పరుస్తారు. కంప్యూటర్ డిజైన్ ప్రకారం లేజర్ ఆ పొడిని కావాల్సిన చోట మాత్రమే కరిగిస్తుంది. దాని మీద ఇంకో పొర. మళ్లీ లేజర్. ఇలా వేల పొరలు. చివరికి లోపలి దారులతో సహా ఇంజిన్ మొత్తం ఒకే ముక్కగా బయటికి వస్తుంది. అతుకే లేదు! అగ్నికుల్ చెప్పే లెక్క ప్రకారం ఒక ఇంజిన్ ప్రింట్ కావడానికి మూడు రోజులు చాలు.

వినడానికి చాలా ఈజీగా ఉంది కదా? కానీ అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ప్రింటర్ డబ్బుతో కొనొచ్చు. అగ్నికుల్ వాడింది కూడా జర్మనీ కంపెనీ ఈవోఎస్ ప్రింటర్లే. కానీ ఏ డిజైన్ ప్రింట్ చేయాలి? లోపల మంట ఎలా ప్రవర్తిస్తుంది? ఎక్కడ అదుపు తప్పుతుంది? ఇది ఏ షాపులోనూ దొరకదు. దానికి ఏళ్ల తరబడి మంట మీదే పరిశోధన చేసినవాళ్లు కావాలి.

ఐఐటీ మద్రాస్‌లో అలాంటివాళ్లు ఉన్నారు. ఏరోస్పేస్ విభాగం ప్రొఫెసర్ సత్య చక్రవర్తి, అక్కడి జాతీయ దహన పరిశోధన కేంద్రం.. ఈ రంగంలో పేరున్నవే. 2017లో శ్రీనాథ్ రవిచంద్రన్, మోయిన్ ఎస్‌పీఎం అనే ఇద్దరు యువకులు ఆయనతో కలిసి అగ్నికుల్ మొదలుపెట్టారు. ప్రొఫెసర్ ఇక్కడ సలహాదారు మాత్రమే కాదు.. సహ వ్యవస్థాపకుడు!

2020 డిసెంబరులో అంతరిక్ష శాఖతో ఒప్పందం. 2022 జులైలో ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్‌లోనే రాకెట్ ఇంజిన్లు ప్రింట్ చేసే ఫ్యాక్టరీ ప్రారంభం. అదే ఏడాది నవంబరులో తుంబాలోని ఇస్రో కేంద్రంలో ఇంజిన్ పరీక్ష. అదే నెలలో శ్రీహరికోటలో సొంత లాంచ్ ప్యాడ్. ఆ తర్వాత 2024 మే ప్రయోగం. అంటే ఆలోచన నుంచి ఆకాశం దాకా దాదాపు ఏడేళ్లు పట్టింది.

ఈ ఏడేళ్లను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అద్దెకు దిగాలంటే పరీక్ష పాస్ కావాలి!

ఇప్పుడు ఆ భవనం సంగతి. చెన్నై తరమణిలో, క్యాంపస్‌ను ఆనుకుని ఉంటుంది ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్. 2010లో తొలి టవర్ తెరుచుకుంది. యూనివర్సిటీ ఆధ్వర్యంలో దేశంలో వచ్చిన తొలి రీసెర్చ్ పార్క్ ఇదే. దీని వెనక ఉన్న ప్రధాన వ్యక్తి ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా. ఇప్పుడు మొత్తం 12 లక్షల చదరపు అడుగుల స్థలం. పెద్ద కంపెనీల పరిశోధన విభాగాలు, చిన్న స్టార్టప్‌లు ఒకే కప్పు కింద ఉంటాయి.

చూడ్డానికి మామూలు ఐటీ పార్కులాగే అద్దాల మేడ. మరి ప్రత్యేకత ఏంటి?

ఇక్కడ అద్దె కడితే సరిపోదు. 'క్రెడిట్లు' కూడా సంపాదించాలి. ఎంత స్థలం తీసుకుంటే దానికి తగ్గ క్రెడిట్లు. అవి ఎలా వస్తాయంటే..

- ఐఐటీ ప్రొఫెసర్లతో కలిసి పరిశోధన ప్రాజెక్టు చేస్తే
- విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇచ్చి నిజమైన పని చేయిస్తే
- కంపెనీ ఉద్యోగులు ఐఐటీలో ఎంఎస్, పీహెచ్‌డీలో చేరితే
- ప్రొఫెసర్లను కన్సల్టెంట్లుగా పెట్టుకుంటే

అంటే ఏంటన్నమాట? యూనివర్సిటీతో కలిసి పనిచేయడం ఇక్కడ కంపెనీ దయ కాదు. ఎండీ గారి మంచితనం అసలే కాదు. అద్దె ఒప్పందంలోనే ఉన్న షరతు. ఎండీ మారినా, డైరెక్టర్ మారినా ఆ షరతు మారదు. లెక్క ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు.

మన దగ్గర జరిగేది గుర్తుచేసుకోండి. కంపెనీ వాళ్లు వస్తారు. శాలువాలు, బొకేలు, ఫైళ్లు పట్టుకుని ఫొటో. మర్నాడు పేపర్లో వార్త. ఆ తర్వాత? ఆరు నెలలకు ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. ఎంవోయూలో ఇద్దరూ చేయాల్సిన పని ఉంటుంది కానీ, చేయకపోతే ఏమవుతుందో మాత్రం రాసి ఉండదు. తేడా అంతా ఆ ఒక్క లైన్‌లోనే ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఇంజిన్ పరీక్షలో ఏదో తేడా వచ్చిందనుకోండి. మామూలు కంపెనీ అయితే నిపుణుడిని వెతకాలి, మెయిల్ పెట్టాలి, అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఇక్కడ రోడ్డు దాటితే ప్రొఫెసర్ గది. సాయంత్రం టీ తాగుతూ బోర్డు మీద బొమ్మ గీస్తే సగం సమస్య తేలిపోతుంది.

ఒక్క రాకెట్టేనా? ఏథర్ కథ కూడా ఇదే

రాకెట్ అంటే మనకు దూరం అనిపించొచ్చు. రోడ్డు మీద తిరిగే ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్ సంగతి చూద్దాం. దాన్ని మొదలుపెట్టిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ ఇద్దరూ ఐఐటీ మద్రాస్ ఇంజినీరింగ్ డిజైన్ విద్యార్థులే. 2013లో అదే క్యాంపస్ ఇంక్యుబేషన్ సాయంతో పని మొదలైంది. బెంగళూరులో కస్టమర్లకు తొలి స్కూటర్లు అందింది 2018లో. ఆ తర్వాత తమిళనాడులోని హోసూరులో పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. 2025 మేలో కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయింది.

ఇక్కడా చూడండి. మొదలుపెట్టిన రోజు నుంచి కస్టమర్ చేతికి స్కూటర్ వచ్చేదాకా ఐదేళ్లు! యాప్ చేస్తే ఆరు నెలల్లో మార్కెట్లోకి రావొచ్చు. వస్తువు తయారు చేయాలంటే అలా కుదరదు. అచ్చు పోయాలి, విరగ్గొట్టి చూడాలి, మళ్లీ చేయాలి. ఆ ఐదేళ్లూ, ఏడేళ్లూ ఆ కుర్రాళ్లను ఎవరు భరించాలి? బ్యాంకు భరించదు. ఇంట్లో వాళ్లు ఎంతకాలమని భరిస్తారు? యూనివర్సిటీ ల్యాబ్, తక్కువ ఖర్చుతో స్థలం, తొలి పెట్టుబడికి దారి.. ఇవే వాళ్లను నిలబెట్టాయి.

దానికంటే ముందు మెట్టు ఇంకోటి ఉంది. ఐఐటీ మద్రాస్‌లో విద్యార్థులే నడిపే 'సెంటర్ ఫర్ ఇన్నోవేషన్' అనే ల్యాబ్ 2008లో మొదలైంది. పూర్వ విద్యార్థుల సాయంతో వచ్చిందది. రేసు కార్లు, రోబోలు, హైపర్‌లూప్ పాడ్‌లు.. ఏవేవో చేస్తుంటారు. చాలావరకు చెడిపోతాయి. మార్కులేం రావు. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడికి తన చేత్తో మెటల్ కోసిన అనుభవం వస్తుంది.

యంత్రాలను తయారుచేసే యంత్రాలు.. ఇక్కడే దేశం వెనకబడింది

ఇప్పుడు కాస్త పెద్ద విషయానికి వద్దాం. 3డీ ప్రింటర్ నుంచి బయటికి వచ్చిన ఇంజిన్ నేరుగా రాకెట్‌లో పెట్టేయరు. లోపల మిగిలిన పొడి తీయాలి. వేడి చేసి లోహంలో ఒత్తిడి తగ్గించాలి. అంచులు, రంధ్రాలు కచ్చితమైన కొలతకు రావాలంటే మళ్లీ సీఎన్‌సీ మెషిన్ మీద చెక్కాలి. అంటే కొత్త టెక్నాలజీ వచ్చినా పాత మెషిన్ షాపు అవసరం పోలేదు. ఇంకా పెరిగింది!

ఆ సీఎన్‌సీ మెషిన్లు ఎక్కడివి? మన దేశం వాడుకునే మెషిన్ టూల్స్‌లో విలువ ప్రకారం చూస్తే దాదాపు సగం దిగుమతులే. ముఖ్యంగా ఐదు దిశల్లో కదులుతూ వంపులు తిరిగిన భాగాలను చెక్కే 'ఫైవ్ యాక్సిస్' లాంటి హై ఎండ్ మెషిన్ల విషయంలో జపాన్, జర్మనీ, తైవాన్ లాంటి దేశాల మీదే ఎక్కువగా ఆధారపడుతున్నాం.

కొనుక్కుంటే ఏమైంది అనుకుంటున్నారా? ఓ పాత గొడవ చెప్తే అర్థమవుతుంది. 1980ల్లో జపాన్‌కు చెందిన తోషిబా మెషిన్ కంపెనీ సోవియట్ యూనియన్‌కు అధునాతన మిల్లింగ్ యంత్రాలు అమ్మింది. కంట్రోలర్లు నార్వే కంపెనీవి. వాటితో సోవియట్లు శబ్దం రాని సబ్‌మెరైన్ ప్రొపెల్లర్లు చెక్కుకుంటున్నారని అమెరికా మండిపడింది. 1987లో విషయం బయటపడ్డాక అమెరికా చట్టసభ సభ్యులు క్యాపిటల్ భవనం ముందు నిలబడి తోషిబా రేడియోను సుత్తులతో పగలగొట్టారు. అంతా కెమెరాల ముందే! ఒక మెషిన్ అమ్మకం దేశాల మధ్య అంత రచ్చ చేసింది.

ఇలాంటి మెషిన్ల ఎగుమతి మీద ఇప్పటికీ ఆంక్షలున్నాయి. ఎవరికి అమ్మాలి, ఎందుకు వాడతారు అని ఆయా దేశాలు లెక్క చూస్తాయి. 1990ల్లో క్రయోజెనిక్ ఇంజిన్ టెక్నాలజీ విషయంలో అమెరికా ఒత్తిడితో రష్యా వెనక్కి తగ్గినప్పుడు మనకు ఏం జరిగిందో గుర్తుందిగా? అది మళ్లీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందుకే 2014 నవంబరులో కేంద్ర భారీ పరిశ్రమల శాఖ క్యాపిటల్ గూడ్స్ రంగం కోసం ఓ పథకం తెచ్చింది. అందులో భాగంగా వచ్చిందే ఐఐటీ మద్రాస్‌లోని అడ్వాన్స్‌డ్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ డెవలప్‌మెంట్ సెంటర్. షార్ట్‌గా ఏఎంటీడీసీ. మెషిన్ టూల్స్ టెక్నాలజీ దేశంలోనే అభివృద్ధి చేయడం దీని పని.

ఈ పథకంలో ఆసక్తికరమైన పాయింట్ ఏంటంటే.. ఇలాంటి కేంద్రాలకు ఖర్చులో 80 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 20 శాతం పరిశ్రమ పెట్టాలి. 20 శాతమేగా అనిపించొచ్చు. కానీ ఆ 20 శాతమే కీలకం. జేబులోంచి డబ్బు పెట్టిన కంపెనీ ఊరికే కూర్చోదు. 'నా మెషిన్ ఎక్కడిదాకా వచ్చింది?' అని అడుగుతుంది. ప్రొఫెసర్‌కు కూడా పేపర్ పబ్లిష్ చేసి చేతులు దులుపుకునే వీలుండదు. క్రెడిట్ల రూల్ లాగే ఇది కూడా. ఇద్దరినీ ఒకే తాడుకు కట్టే ఏర్పాటు.

బొగ్గు గనుల నేల మీద బోయింగ్.. షెఫీల్డ్ చెప్పే పాఠం

ఇది ఐఐటీలకే సాధ్యమా? కాదు. బ్రిటన్‌లోని షెఫీల్డ్ నగరాన్ని చూడండి. ఒకప్పుడు ఉక్కుకు, కత్తులు, స్పూన్లకు ప్రపంచ ప్రసిద్ధి. 1980ల్లో ఫ్యాక్టరీలు, గనులు మూతపడి ఉద్యోగాలు పోయాయి. పక్కనే ఉన్న ఆర్‌గ్రీవ్‌లో 1984లో గని కార్మికులకు, పోలీసులకు మధ్య జరిగిన ఘర్షణ బ్రిటన్ చరిత్రలో నిలిచిపోయింది.

సరిగ్గా ఆ పాత నేల మీదే 2001లో షెఫీల్డ్ యూనివర్సిటీ, బోయింగ్ కలిసి ఓ పరిశోధన కేంద్రం మొదలుపెట్టాయి. అదే ఏఎంఆర్‌సీ. కంపెనీలు సభ్యత్వ రుసుము కడతాయి. రోల్స్ రాయిస్ లాంటి దిగ్గజం నుంచి చిన్న మెషిన్ షాపు దాకా స్థాయిని బట్టి రుసుము. అందరికీ పనికొచ్చే పరిశోధన ఫలితాలు సభ్యులు పంచుకుంటారు. సొంత రహస్యాలు ఎవరివి వాళ్లవే. మెషిన్లు మాత్రం నిజమైన ఫ్యాక్టరీలో ఉండే సైజువే. బల్ల మీద పెట్టుకునే మోడళ్లు కావు.

తర్వాత అక్కడే అప్రెంటిస్‌ల కోసం శిక్షణ కేంద్రం పెట్టారు. పదో తరగతి స్థాయి చదువు పూర్తయిన పిల్లలు కంపెనీ జీతం తీసుకుంటూ మెషిన్ మీద పని నేర్చుకుంటారు. 2018లో బోయింగ్ యూరప్‌లో తన తొలి ఫ్యాక్టరీని షెఫీల్డ్‌లోనే తెరిచింది. బోయింగ్ వచ్చింది రాయితీల కోసమే అనుకోలేం. పక్కనే 17 ఏళ్లుగా కలిసి పనిచేసిన యూనివర్సిటీ ఉంది. పని వచ్చిన పిల్లలు ఉన్నారు.

మన దగ్గర ఏమున్నాయి? ఏం లేవు?

తెలుగు రాష్ట్రాలకు ఈ రంగం కొత్తేం కాదు. హైదరాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో వచ్చిందది. అదే బాలానగర్‌లో చిన్న చిన్న షెడ్లలో ఇస్రోకు, డీఆర్‌డీవోకు విడి భాగాలు చెక్కిన యూనిట్లు ఎన్నో. ఎంటార్ టెక్నాలజీస్ లాంటి కంపెనీ అక్కడి నుంచే పెరిగి ఇస్రో ఇంజిన్లకు, అణు విద్యుత్ కేంద్రాలకు భాగాలు అందిస్తోంది. 2022 నవంబరు 18న విక్రమ్ ఎస్ రాకెట్ ఎగరేసిన స్కైరూట్ కూడా హైదరాబాద్ కంపెనీయే.

కొత్తగా వచ్చినవీ ఉన్నాయి. 2023 మార్చిలో హైదరాబాద్‌లో 78 వేల చదరపు అడుగుల టీ వర్క్స్ మొదలైంది. ఎవరైనా తమ ఆలోచన తీసుకెళ్లి మెషిన్ల మీద నమూనా తయారు చేసుకోవచ్చు. విశాఖలో వైద్య పరికరాల కోసం మెడ్‌టెక్ జోన్ ఉంది. 2025 ఆగస్టులో మంగళగిరి కేంద్రంగా రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చింది.

అంటే మెషిన్లు ఉన్నాయి. షెడ్లు ఉన్నాయి. కంపెనీలు ఉన్నాయి. మరి లేనిదేంటి?

వీటన్నిటినీ కాలేజీ తరగతి గదితో కలిపే తలుపు లేదు. బాలానగర్‌లో ముప్పై ఏళ్లుగా లేత్ మీద పనిచేసిన మేస్త్రికి తెలిసిన విషయం, బస్సులో అరగంట దూరంలో ఉన్న మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థికి తెలియదు. ఆ విద్యార్థికి వచ్చిన సాఫ్ట్‌వేర్ సిమ్యులేషన్ ఆ మేస్త్రికి తెలియదు. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉంది. కానీ కలిసే చోటే లేదు.

ఈలోగా ఏం జరుగుతోంది? ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వస్తే సీట్లన్నీ కంప్యూటర్ సైన్స్ వైపే. మెకానికల్ సెక్షన్లు ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. లేత్ మెషిన్లకు గుడ్డ కప్పి పక్కన పెట్టిన వర్క్‌షాపులు ఎన్నో. తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. మెకానికల్ చదివిన పిల్లాడికి ఎక్కడ ఉద్యోగం వస్తుందో కాలేజీయే చూపించలేకపోతే లక్షల ఫీజు కట్టి ఎవరు చేర్పిస్తారు?

కర్నూలు.. అసలు పరీక్ష ఇక్కడే!

ఈ మొత్తం చర్చకు మన దగ్గర ఓ పక్కా ఉదాహరణ ఉంది. కర్నూలు!

జగన్నాథగట్టు మీద ఓ జాతీయ సంస్థ ఉంది.. ట్రిపుల్ ఐటీ డీఎం కర్నూలు. 2015లో మొదలైంది. పేరులోనే 'డిజైన్ అండ్ మాన్యుఫాక్చరింగ్' ఉంది. అంటే తయారీ రంగం కోసమే పుట్టిన సంస్థ అన్నమాట. అక్కడి నుంచి గంట ప్రయాణం లోపే ఓర్వకల్లు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు ఒకటి. కడప జిల్లా కొప్పర్తి, తెలంగాణలోని జహీరాబాద్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

క్యాంపస్ ఉంది. పరిశ్రమల వాడ రాబోతోంది. మధ్యలో ఎయిర్‌పోర్టు కూడా ఉంది. మరి రేపు ఓర్వకల్లులో భూమి తీసుకునే కంపెనీకి ప్రభుత్వం ఏ షరతులు పెడుతుంది? ఎన్ని ఉద్యోగాలు ఇస్తారు, ఎంత పెట్టుబడి పెడతారు అని అడగడం మామూలే. 'పక్క క్యాంపస్‌తో ఏడాదికి ఎన్ని ప్రాజెక్టులు చేస్తారు? ఎంతమంది విద్యార్థులను మెషిన్ దగ్గరికి రానిస్తారు?' అని కూడా అడిగితే? దానికి తగ్గట్టు భూమి ధరలోనో, రాయితీలోనో తేడా చూపిస్తే?

తరమణిలో అద్దెకు పెట్టిన షరతును ఓర్వకల్లులో భూమికి పెట్టినట్టు అవుతుంది. దీనికి కొత్తగా వేల కోట్లు అక్కర్లేదు. ఒప్పందంలో ఒక పేరా చాలు. జహీరాబాద్‌కూ ఇదే వర్తిస్తుంది. అదే సంగారెడ్డి జిల్లాలోనే ఐఐటీ హైదరాబాద్ ఉంది మరి!

అంతా బాగానే ఉందా? ఇబ్బందులూ ఉన్నాయి

ఐఐటీ మద్రాస్ మోడల్‌ను నెత్తిన పెట్టుకుని ఊరేగాల్సిన పనిలేదు. కొన్ని విషయాలు నిజాయతీగా చెప్పుకోవాలి.

ఒకటి.. 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో పుట్టిన సంస్థ అది. జర్మనీ నుంచి వచ్చిన పరికరాలు, ప్రొఫెసర్లతో ల్యాబ్‌లు కట్టుకుంది. దశాబ్దాల కేంద్ర నిధులు, ప్రపంచమంతా ఉన్న పూర్వ విద్యార్థులు దానికి బలం. ఓ జిల్లా కాలేజీ రేపటికి అలా కాలేదు.

రెండు.. చెన్నై ప్రైమ్ ఏరియాలో స్థలం అద్దెకు తీసుకునే స్తోమత చిన్న యూనిట్లకు ఉండదు. ఇలాంటి పార్కులు పెద్ద కంపెనీలకే ఉపయోగపడితే, అసలు సాయం కావాల్సిన బాలానగర్, ఆటోనగర్ షెడ్లు బయటే ఉండిపోతాయి. షెఫీల్డ్‌లో లాగా చిన్నవాళ్లకు చిన్న రుసుము పెట్టకపోతే లాభం లేదు.

మూడు.. ప్రొఫెసర్ కంపెనీ పెడితే క్లాసు ఎవరు చెప్తారు? ప్రభుత్వ డబ్బుతో కొన్న ల్యాబ్‌లో పుట్టిన ఆలోచన మీద హక్కు ఎవరిది? ఈ రూల్స్ ముందే రాసుకోకపోతే గొడవలు తప్పవు. రాష్ట్ర యూనివర్సిటీల్లో సగం ప్రొఫెసర్ పోస్టులే ఖాళీగా ఉంటే, కంపెనీల మాట దేవుడెరుగు, పాఠం చెప్పేదెవరు?

నాలుగు.. 2024లో ఎగిరింది కక్ష్యలోకి వెళ్లని పరీక్షా రాకెట్. ఉపగ్రహాన్ని మోసుకెళ్లడం అంతకంటే చాలా పెద్ద పని. ఒక విజయంతోనే అన్నీ సాధించేశాం అనుకోవడం తొందరపాటే.

అయినా సరే, మూడు సంగతులు మాత్రం ఎక్కడైనా వర్తిస్తాయి. కలిసి పనిచేయడం ఒప్పందంలో షరతుగా ఉండాలి. ఇద్దరూ ఎంతో కొంత సొంత డబ్బు పెట్టాలి. ఫలితం కోసం ఐదారేళ్లు ఆగే ఓపిక ఉండాలి. ప్రభుత్వాలు ఐదేళ్లకోసారి మారుతాయి. ఇంజిన్‌కు ఏడేళ్లు పట్టింది. అందుకే ఏ ప్రభుత్వం వచ్చినా చెరపలేని విధంగా రూల్ కాగితం మీద ఉండాలి.

మీ పిల్లల్ని చేర్పించే ముందు ఈ ప్రశ్నలు అడగండి

కౌన్సెలింగ్ సీజన్‌లో కాలేజీకి వెళ్తే గోడల మీద ఎంవోయూల లిస్టు కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. నేరుగా ఇవి అడగండి..

- ఈ ఎంవోయూ కింద గత ఏడాది ఎంతమంది విద్యార్థులు ఆ కంపెనీలో పనిచేశారు?
- ఆ కంపెనీ డబ్బు పెట్టిన ప్రాజెక్టు ఒక్కటైనా నడుస్తోందా?
- వర్క్‌షాపులో సీఎన్‌సీ మెషిన్ ఉందా? దాన్ని విద్యార్థి స్వయంగా నడపొచ్చా, లేక చూడ్డానికేనా?
- కాలేజీ అయిపోయాక సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంటుందా?
- ఇక్కడి విద్యార్థులు తయారుచేసిన వస్తువు ఏదైనా బయట ఎవరైనా వాడుతున్నారా?

ఈ ఐదింటిలో కనీసం మూడింటికి సూటిగా జవాబు వస్తే ఆ కాలేజీ మంచి దారిలో ఉన్నట్టే. జవాబు బదులు బ్రోచర్ చేతిలో పెడితే.. సంగతి మీకే అర్థమవుతుంది.

శ్రీహరికోట మన నేల మీదే ఉంది. దశాబ్దాలుగా రాకెట్లు ఇక్కడి నుంచే లేస్తున్నాయి. ఆ ఉదయం లేచిన ఇంజిన్ మాత్రం చెన్నై క్యాంపస్ పక్క భవనంలో ప్రింట్ అయి ఇక్కడికి వచ్చింది. తర్వాతి ఇంజిన్ కర్నూలులోనో, సంగారెడ్డిలోనో తయారై రావాలంటే ఇప్పుడు భూములు ఇచ్చే ఒప్పందాల్లోనే ఆ ఒక్క షరతు ఉండాలి. భూములు ఇచ్చేశాక అడిగితే వినేవాళ్లు ఉండరు.